గండ్రగొడ్డలి మీద ఆమె పేరు

పాత సమాధుల్ని తవ్వేవాళ్లకి చాలాకాలంగా ఒక అలవాటుంది. సమాధిలో ఆయుధం దొరికితే అది మగవాడిది. అద్దమో, కొప్పు పిన్నో, నూలు వడికే కదురు బిళ్లో దొరికితే అది ఆడదానిది. అస్థిపంజరం మిగిలి ఉన్నచోట ఈ ఊహని సరిచూసుకునే వీలుంటుంది. ఎముకలు మట్టిలో కలిసిపోయినచోట ఊహే నిర్ణయమైపోతుంది. కొన్నేళ్లకి అలాంటి నిర్ణయాలన్నిటినీ ఒకచోట చేర్చి, తొలినాళ్ల నుంచీ ఆయుధం మగవాడి చేతిలోనే ఉందనీ, కదురు ఆడదాని చేతిలోనే ఉందనీ చరిత్ర రాస్తారు. మనమే దాచిపెట్టిన వస్తువుని మనమే వెతికి పట్టుకున్నట్టు చూపించడమన్నమాట.

స్త్రీల హక్కుల గురించి ఎక్కడ చర్చ మొదలైనా ముందుగా వినిపించే మాట 'అనాదిగా ఇలాగే వస్తోంది' అన్నది. ఆస్తి దగ్గరా ఇదే మాట, అధికారం దగ్గరా ఇదే మాట. ఆ 'అనాది' ఎలా తయారైందో, ఎవరు తయారుచేశారో తెలుసుకోకుండా దాన్ని ఎదుర్కోవడం కష్టం. చైనాలో దొరికిన ప్రాచీన కంచు ఆయుధాలు, ముఖ్యంగా యుద్ధంలో వాడటానికి కాక అధికార చిహ్నంగా పోతపోసిన గండ్రగొడ్డళ్లు, ఈ విషయంలో మనకి చాలా చెబుతాయి. వాటిలో రెండిటి మీద ఒక స్త్రీ పేరుంది. ఆ పేరు లేకపోతే మనం ఏమనుకుని ఉండేవాళ్లమన్నదే ఈ వ్యాసంలో అసలు ప్రశ్న.

చైనా భాషలో ఈ గొడ్డలిని 'యువె' అంటారు. రాతియుగంలో చెట్లు నరకడానికి వాడిన రాతిగొడ్డలే దీనికి మూలం. కాలక్రమంలో దాని రూపం మిగిలింది, పని మారిపోయింది. యాంగ్జీ నది దిగువన క్రీ.పూ. 3300 నుంచి 2300 వరకు వర్ధిల్లిన లియాంగ్‌జు సంస్కృతిలో ఈ గొడ్డలిని జేడ్ రాయితో చేశారు. అద్దంలా నునుపు తేల్చిన ఆ రాతి వాదరతో ఎవరూ చెట్టు కొట్టరు. అది చేతిలో పట్టుకుని నిలబడటానికే. ఆ తర్వాత కంచు వచ్చింది. క్రీ.పూ. 1600 నుంచి సుమారు 1046 వరకు సాగిన షాంగ్ రాజవంశపు కాలంలో గండ్రగొడ్డలి రాజ్యాధికారానికి గుర్తయింది. చైనా లిపిలో 'రాజు' అనే అర్థమున్న అక్షరం, వాదర కిందికి పెట్టి నిలబెట్టిన గొడ్డలి బొమ్మ నుంచే పుట్టిందని పలువురు లిపి పండితులు చెబుతారు. తర్వాతి కాలపు ఆచార గ్రంథాల్లోనూ, చక్రవర్తి చేతి నుంచి గొడ్డలి అందుకున్న సామంతుడికే మరణశిక్ష విధించే అధికారం ఉంటుందన్న నియమం కనిపిస్తుంది. అంటే ఇది శత్రువుని కొట్టే ఆయుధం కంటే ఎక్కువ. ఎవరు బతకాలో ఎవరు చావాలో చెప్పగల హక్కుకి ఇది పత్రం.

ఈ పత్రం ఎవరి పేరు మీద ఉండేది? లియాంగ్‌జు సమాధుల విషయంలో పుస్తకాలు చెప్పే జవాబు మగవాళ్ల పేరు మీద అని. 1986, 1987 సంవత్సరాల్లో ఫాన్‌షాన్, యావ్‌షాన్ గుట్టల మీద పెద్ద సమాధులు తవ్వారు. యావ్‌షాన్‌లో సమాధులు రెండు వరుసలుగా ఉన్నాయి. ఒక వరుసలో గొడ్డళ్లున్నాయి, ఇంకో వరుసలో అర్ధచంద్రాకారపు పతకాలు, కదురు బిళ్లలు ఉన్నాయి. మొదటి వరుస పురుషులది, రెండోది స్త్రీలది అని తేల్చారు. అయితే ఆ నేలలో ఎముకలు దాదాపుగా మిగల్లేదు. ఆ విభజనకి ఆధారం వస్తువులే. అది నిజమే కావచ్చు కూడా. నా అభ్యంతరం ఆ నిర్ణయం మీద కాదు, దాన్ని రుజువైన సత్యంలా చెప్పడం మీద. గొడ్డలి ఉంది కాబట్టి మగవాడు, మగవాడు కాబట్టి గొడ్డలి ఉంది అనే వాదనలో స్త్రీ దూరడానికి సందెక్కడుంది?

ఆ సందు అనుకోకుండా 1976లో దొరికింది. హెనాన్ రాష్ట్రంలోని అన్యాంగ్ నగరం పక్కన యిన్‌షు అనే చోట షాంగ్ రాజుల చివరి రాజధాని శిథిలాలున్నాయి. అక్కడ 1928 నుంచీ తవ్వకాలు జరుగుతున్నాయి. హువాన్ నదికి ఆవలి ఒడ్డున ఉన్న రాజుల శ్మశానంలో పెద్ద సమాధులన్నిటినీ దొంగలు ఎప్పుడో దోచేశారు. పరిశోధకులకి దక్కినవి దొంగలు వదిలేసినవే. 1970లలో, వ్యవసాయ భూముల్ని చదును చేసే ఉద్యమం ఊరూరా నడుస్తున్న రోజుల్లో, నదికి ఇవతల ఉన్న షియావ్‌తున్ గ్రామం దగ్గర ఒక మిట్టని తవ్వి పొలంలో కలపాలని రైతులు అనుకున్నారు. అంతకుముందే అక్కడ ఏముందో చూడాలని పట్టుబట్టింది జెంగ్ జెన్‌షియాంగ్ అనే స్త్రీ. 1929లో పుట్టిన ఆమె, 1949 తర్వాత చైనాలో శిక్షణ పొందిన తొలి తరం స్త్రీ పురావస్తు శాస్త్రవేత్తల్లో ఒకరు. పొడుగాటి కడ్డీ చివర సగం గొట్టంలా ఉండే పారతో నేలలోకి పొడిచి మట్టిని పైకి తీసి చూడటం అక్కడి పద్ధతి. భూగర్భజలం తగిలాక కూడా ఆమె ఆపనివ్వలేదు. చివరికి పార అంచుకి ఎర్రటి లక్క పెచ్చులు అంటుకుని వచ్చాయి. కింద సమాధి ఉందనడానికి అది గుర్తు.

నేలమీద చూస్తే ఆ సమాధి అంత పెద్దదేం కాదు. పొడవు 5.6 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు, లోతు 7.5 మీటర్లు. కానీ దాన్ని ఎవరూ దోచలేదు. లోపల 468 కంచు వస్తువులున్నాయి. వాటి మొత్తం బరువు 1,600 కిలోలకి పైమాటే. 755 జేడ్ వస్తువులు, 560కి పైగా ఎముక వస్తువులు, 6,800కి పైగా గవ్వలు దొరికాయి. ఎముకతో చేసిన కొప్పు పిన్నులే ఐదు వందల దాకా ఉన్నాయి, నాలుగు కంచు అద్దాలున్నాయి. వాటితోపాటు 130కి పైగా ఆయుధాలున్నాయి. పిడికి అడ్డంగా బిగించే బాకులు, బాణపు ములుకులు, నాలుగు గండ్రగొడ్డళ్లు. గొడ్డళ్లలో రెండు మరీ పెద్దవి. ఒకటి 9 కిలోలు, రెండోది 8.5 కిలోలు. తొమ్మిది కిలోల గొడ్డలి పొడవు 39.5 సెంటీమీటర్లు, వాదర వెడల్పు 37.3 సెంటీమీటర్లు. దానిమీద అటొక పులి, ఇటొక పులి, నోళ్లు తెరుచుకుని, మధ్యలో మనిషి తల. ఆ బొమ్మ కింద రెండక్షరాలు: ఫు హావ్.

సమాధిలో ఉండాల్సిన మనిషి మాత్రం లేదు. శతాబ్దాల తరబడి నీళ్లలో ఉండటం వల్ల ఆమె శరీరం పూర్తిగా శిథిలమైపోయింది. కాబట్టి ఈ సమాధి స్త్రీదని చెప్పడానికి శాస్త్రవేత్తలకి దొరికిన బలమైన సాక్ష్యం రాతే. వందకి పైగా కంచు వస్తువుల మీద 'ఫు హావ్' అని పేరు పోతపోసి ఉంది. ఆ పేరున్న స్త్రీ జోస్యపు ఎముకల మీద అప్పటికే పండితులకి తెలుసు. పేరే లేకపోతే ఏమయ్యేది? నాలుగు గండ్రగొడ్డళ్లు, 130 ఆయుధాలు ఉన్న సమాధిని 'షాంగ్ సేనాపతి సమాధి' అని రాసేవాళ్లు. కొప్పు పిన్నులు అతని భార్యవో, ఉంపుడుగత్తెవో అయ్యుండేవి.

ఇది వట్టి అనుమానం కాదు. స్వీడన్‌లోని బిర్కాలో 1878లో కత్తి, గొడ్డలి, ఈటె, బాణాలు, రెండు గుర్రాలతో ఒక వైకింగ్ సమాధి దొరికింది. అది గొప్ప యోధుడి సమాధి అని నూరేళ్లకి పైగా పాఠాలు చెప్పారు. 2017లో ఎముకల మీద జన్యు పరీక్ష చేస్తే అది స్త్రీ అస్థిపంజరమని తేలింది. అప్పుడు మొదలైంది కొత్త వాదన: ఆ ఆయుధాలు నిజంగా ఆమెవేనా, ఆమె నిజంగా యుద్ధం చేసిందా అని. మగవాడనుకున్నంత కాలం ఎవరికీ రాని సందేహాలు ఇవి. పేరు రాసి ఉన్న ఫు హావ్ మాత్రం ఆ గండం నుంచి బయటపడింది.

ఎవరీమె? షాంగ్ రాజు వు డింగ్ భార్యల్లో ఒకరు. వు డింగ్ పాలన క్రీ.పూ. 13వ శతాబ్దపు ద్వితీయార్థంలో సాగింది, ఫు హావ్ క్రీ.పూ. 1200 ప్రాంతంలో చనిపోయింది. వు డింగ్ కాలపు రాతల్లో 'ఫు' అనే బిరుదున్న స్త్రీలు అరవైకి పైగా కనిపిస్తారు. రాజు ఏ పని తలపెట్టినా తాబేలు డిప్పనో పశువు ఎముకనో వేడిచేసి, అందులో పడిన పగుళ్లని చూసి జోస్యం చెప్పించేవాడు. అడిగిన ప్రశ్నని, కొన్నిసార్లు జరిగిన ఫలితాన్ని కూడా, దానిమీదే చెక్కించేవాడు. 1899లో వెలుగులోకి వచ్చిన ఈ ఎముకల్లో ఫు హావ్ పేరు 200కి పైగా చోట్ల ఉంది. క్వియాంగ్ అనే తెగ మీదికి ఫు హావ్ మనుషులు 3,000 మందిని, మరో 10,000 మంది సైన్యాన్ని పంపాలా అని ఒకచోట అడిగారు. ఆమె మరో సేనానితో కలిసి ఒకవైపు మాటు వేసి ఉంటే, రాజు తూర్పు నుంచి శత్రువుని తరుముకొచ్చే పథకం ఇంకోచోట ఉంది. పూర్వీకులకి బలులిచ్చే క్రతువులు ఆమె జరిపించింది. ఆమె 50 తాబేలు డిప్పలు పంపినట్టు లెక్క రాసి ఉంది. అంటే ఆమెకి సొంత మనుషులు, సొంత వనరులు ఉన్నాయి. మరో రాణి ఫు జింగ్ పేరు చిరుధాన్యాల దిగుబడి గురించిన ప్రశ్నల్లో తరచుగా వస్తుంది. కాబట్టి ఫు హావ్ ఒక్కతే వింత కాదు. షాంగ్ రాజ్యంలో పైవర్గపు స్త్రీలకి పరిపాలనలో చోటుండేది.

ఒక స్త్రీ చేతిలో అంత పెద్ద గొడ్డలి చూడగానే ఉత్సాహపడే వాళ్లుంటారు. ఆమె తొమ్మిది కిలోల గొడ్డలి తిప్పుతూ యుద్ధం చేసిందని పత్రికల్లో కథలొచ్చాయి. అది యుద్ధంలో తిప్పే బరువు కాదు. ఆ బరువు అధికారానిది. అన్యాంగ్‌లోనే 2001లో మరో సమాధి బయటపడింది. యా చాంగ్ అనే ఆ సేనాని ఎముకల మీద గాయాల గుర్తులున్నాయి, అతను నిజంగా యుద్ధాల్లో పోరాడినవాడు. అతని దగ్గర ఏడు గండ్రగొడ్డళ్లున్నా ఏదీ ఫు హావ్ గొడ్డలంత బరువుది కాదు. అధికారపు మెట్ల మీద ఆమె అతనికంటే పైన ఉందనడానికి ఇది చాలు. ఆమె భుజబలం గురించి కథలల్లడం మనకి అనవసరం. పురుషుడి విషయంలో చిహ్నాన్ని చిహ్నంగా అర్థం చేసుకుని, స్త్రీ దగ్గరికొచ్చేసరికి ఆమె దాన్ని ఎత్తగలదా అని అడగడంలోనే వివక్ష ఉంది.

ఇప్పుడు అదే ఎముకల కుప్పలోంచి మరో ఎముకని చూద్దాం. ఫు హావ్‌కి కాన్పు కాబోతోంది, మంచి జరుగుతుందా అని జోస్యుడు అడిగాడు. ఏయే రోజుల్లో కాన్పయితే మంచిదో రాజే పగుళ్లు చూసి చెప్పాడు. నెల తర్వాత ఫలితాన్ని చెక్కారు. రాజు చెప్పిన రోజున కాన్పు కాలేదు. మంచి జరగలేదు. పుట్టింది ఆడపిల్ల.

మూడు వేల రెండొందల ఏళ్ల కిందట చెక్కిన ఆ చిన్న వాక్యం చదివితే, మన ఆసుపత్రి వరండాల్లో వినపడే మాటే విన్నట్టుంటుంది. ఎవరి కడుపున పుట్టిన ఆడపిల్ల 'మంచి' కాలేదు? పదమూడు వేల మంది సైన్యం విషయంలో పేరు తలచిన స్త్రీ కడుపున. ఎవరి చేతిలో గొడ్డలి ఉందో ఆమె కడుపున. తల్లి చేతిలో అధికారముంటే కూతురి విలువ దానంతట అదే పెరుగుతుందనే నమ్మకాన్ని ఈ ఎముక బద్దలు కొడుతుంది. వంశం మగవాడి గుండా నడిచే వ్యవస్థలో రాణి అయినా, సేనాని అయినా, కన్నది కొడుకా కూతురా అన్న దగ్గర మామూలు ఇల్లాలే. చనిపోయాక ఆమెకి అర్పించిన రెండు పెద్ద చతురస్రపు పాత్రల మీద 'ఫు హావ్' అన్న పేరు లేదు. 'తల్లి షిన్' అని ఉంది. ఆమెని పూర్వీకుల వరుసలో నిలబెట్టింది సేనానిగా చేసిన పని కాదు, తల్లి స్థానం.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. ఆ సమాధిలో ఫు హావ్‌తో పాటు 16 మందిని చంపి పాతిపెట్టారు. వాళ్లలో స్త్రీలున్నారు, పిల్లలున్నారు. క్వియాంగ్ తెగ నుంచి పట్టుకొచ్చిన బందీల తలలు నరికి పూర్వీకులకి బలివ్వడం షాంగ్ రాజుల నిత్యకృత్యం. జోస్యపు ఎముకల్లో ఎంతమందిని నరకాలన్న ప్రశ్న పశువుల లెక్కతో పాటే వస్తుంది. పులుల నోళ్ల మధ్య ఉన్న మనిషి తలని ఈ సందర్భంలో చూడాలి. షాన్‌డాంగ్ రాష్ట్రంలోని సుఫుతున్‌లో 1960ల మధ్యలో దొరికిన షాంగ్ కాలపు గండ్రగొడ్డలి మీద పళ్లు బయటపెట్టి నవ్వుతున్న ముఖం ఉంటుంది. ఆ సమాధిలోనూ నరబలులున్నాయి. ఈ గొడ్డళ్లు ఎంత అందంగా ఉన్నా వాటి అర్థం ఇదే. మట్టి నమూనా మీద తడిమట్టి అదిమి, ముక్కలుగా కోసి తీసి, కాల్చి, మళ్లీ జతచేసి, రాగి, తగరం, సీసం కరిగించి పోసిన పనివాళ్లలో ఒక్కరి పేరూ మనకి తెలియదు. అన్యాంగ్ దగ్గర షియావ్‌మిన్‌తున్‌లో వాళ్లు పగలగొట్టి పారేసిన అచ్చు ముక్కలు మాత్రం వేలకొద్దీ దొరికాయి.

కాబట్టి ఫు హావ్‌ని మన పోరాటాలకి ఆదర్శంగా నిలబెట్టాలని నేను అనడం లేదు. ఒక క్వియాంగ్ తెగ స్త్రీ దృష్టిలో ఆ గొడ్డలి రాజు చేతిలో ఉన్నా రాణి చేతిలో ఉన్నా ఒకటే. స్త్రీ అధికారంలోకి వచ్చినంత మాత్రాన అధికారపు స్వభావం మారదని స్త్రీవాదులు ఎప్పటినుంచో అంటున్నారు. ఫు హావ్ చరిత్ర దానికి తొలి సాక్ష్యాల్లో ఒకటి. అయితే ఆమెని ఆదర్శంగా తీసుకోకపోవడం వేరు, ఆమె ఉనికినే తుడిచేయడం వేరు. రెండోది ఎలా జరిగిందో చూడటం మనకి ముఖ్యం.

సుమారు క్రీ.పూ. 1046లో జౌ రాజు వు, షాంగ్ వంశపు చివరి రాజుని ముయె అనే చోట ఓడించాడు. యుద్ధానికి ముందు అతను చేసిన ప్రసంగం అని ప్రాచీన చైనా గ్రంథాల్లో ఒకటుంది. తర్వాతి కాలంలో కూర్చిన పాఠమని చాలామంది పండితుల అభిప్రాయం. అందులో రాజు ఎడమచేత పసుపు రంగు గండ్రగొడ్డలి పట్టుకుని నిలబడతాడు. ఏమంటాడు? కోడిపెట్ట తెల్లవారిందని కూయకూడదనీ, కూస్తే ఆ ఇల్లు నాశనమవుతుందనీ పాత సామెత చెబుతాడు. షాంగ్ రాజు ఆడదాని మాట వినడమే అతని మొదటి నేరమంటాడు. పెట్ట కూస్తే ఇంటికి అరిష్టమన్న మాట వినని తెలుగు ఊరుందా! ఆ తర్వాత ఏం జరిగిందో క్రీ.పూ. 1వ శతాబ్దం తొలినాళ్లలో చరిత్రకారుడు సిమా చియాన్ రాశాడు. గెలిచిన రాజు, చనిపోయిన షాంగ్ రాజు తలని పసుపు గొడ్డలితో నరికాడు. ఆ రాజుకి ఇష్టమైన ఇద్దరు స్త్రీలు అప్పటికే ఉరేసుకుని ప్రాణాలు తీసుకున్నారు. వాళ్ల శవాల మీద బాణాలు వేసి, నల్ల గొడ్డలితో వాళ్ల తలలూ నరికాడు. ఇందులో ఎంత చరిత్రో ఎంత కల్పనో చెప్పడం కష్టం. కానీ తర్వాతి తరాల వాళ్లు ఏం గుర్తుంచుకోవాలని కోరుకున్నారో స్పష్టంగానే ఉంది. ఒకప్పుడు స్త్రీ పేరుతో పోతపోసిన గొడ్డలి, ఇప్పుడు స్త్రీ మాట విన్నందుకు రాజ్యాన్ని శిక్షించే గొడ్డలి అయింది.

భాష కూడా ఇదే దారిలో నడిచింది. 'ఫు' అన్న పదాన్ని షాంగ్ రాతల్లో చీపురు గుర్తుతో రాశారు. బహుశా అది ఉచ్చారణ కోసం వాడిన గుర్తు. క్రీ.శ. 100 ప్రాంతంలో షు షెన్ కూర్చిన నిఘంటువు దీనికి అర్థం చెబుతూ, ఫు అంటే లొంగి ఉండేది, చీపురు పట్టి ఊడ్చేది అని వివరించింది. ఆ నిఘంటువుని చైనా విద్యావంతులు తరతరాలుగా ప్రమాణంగా చదివారు. వాళ్లెవరికీ తెలియనిది ఏమిటంటే, తొమ్మిది కిలోల గండ్రగొడ్డలి మీద పులుల బొమ్మ కింద ఉన్నది కూడా అదే చీపురు గుర్తు. నిఘంటువు వెలువడే నాటికే ఆ గొడ్డలి పదమూడు వందల ఏళ్లుగా నేల కింద ఉంది. రాసే అధికారం ఎవరి చేతిలో ఉంటే పదాలకి అర్థాలు వాళ్లవే. నేల కింద మిగిలిన రాత ఒక్కటే ఎదురు సాక్ష్యం.

తెలుగు పాఠకులకి ఇక్కడ కాకతి రుద్రమదేవి గుర్తు రావడం సహజం. 13వ శతాబ్దంలో ఓరుగల్లు సింహాసనం ఎక్కిన ఆమె చాలా శాసనాల్లో రుద్రదేవ మహారాజు అనే పురుష నామంతో కనిపిస్తుంది. అధికారం చేపట్టాలంటే పేరునే మగపేరుగా మార్చుకోవాల్సిన సమాజం అది. ఫు హావ్ గొడ్డలి మీద పేరు మారలేదు. రెండు సమాజాల మధ్య రెండున్నర వేల ఏళ్ల దూరముంది. కాలం గడిచేకొద్దీ స్త్రీల పరిస్థితి మెరుగవుతూ వచ్చిందనుకునే వాళ్లు ఈ రెండు పేర్లనీ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

ఇవాళ చైనాలో ఫు హావ్‌కి మంచి గుర్తింపే ఉంది. యిన్‌షుని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. ఆమె సమాధి దగ్గర గొడ్డలి పట్టుకున్న తెల్లరాతి విగ్రహం నిలబెట్టారు. 2024 ఫిబ్రవరిలో అక్కడ కొత్త మ్యూజియం తెరిచారు. అదే ఏడాది మార్చిలో జెంగ్ జెన్‌షియాంగ్ కన్నుమూశారు. 'చైనా తొలి మహిళా సేనాపతి' అని ఫు హావ్ గురించి గర్వంగా చెప్పుకుంటారు. కానీ ఆ గర్వం దేశానిది, స్త్రీలది కాదు. ఆ దేశంలోనే 2004లో ప్రతి 100 మంది ఆడపిల్లలకి 121 మంది మగపిల్లలు పుట్టారు. 2020 జనాభా లెక్కల్లోనూ ఆ సంఖ్య 111. ఒకే బిడ్డ విధానం 2015 చివర్లో ముగిసింది కానీ, ఆడపిల్ల పుడితే 'మంచి జరగలేదు' అనే తీర్పు ముగియలేదు. లింగనిర్ధారణ పరీక్షల్ని నిషేధిస్తూ 1994లో చట్టం చేసుకున్న మనకి చైనా వైపు వేలెత్తి చూపే అర్హతా లేదు. గొడ్డలి పట్టిన విగ్రహం పక్కనే ఆ కాన్పు ఎముక నకలు కూడా పెట్టాలని నేనంటాను. ఒకటి లేకుండా రెండోది సగం చరిత్రే.

పేరు విషయమే మళ్లీ చూద్దాం. చైనా పల్లెల్లో పెళ్లై వేరే ఊరు వెళ్లిన ఆడపిల్లలకి పుట్టిన ఊళ్లో భూమి వాటా పోవడం, మెట్టిన ఊళ్లో వాటా రాకపోవడం దశాబ్దాల సమస్య. పట్టా భర్త పేరునో మామ పేరునో ఉంటుంది, దుక్కీ కోతా మాత్రం ఆమెవి. దీనిమీద అక్కడి స్త్రీలు కోర్టులకెక్కారు, గ్రామ కమిటీలతో తలపడ్డారు. 2022లో సవరించి, 2023 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చిన స్త్రీల హక్కుల రక్షణ చట్టంలో, భూమి హక్కులు నమోదు చేసేటప్పుడు రిజిస్టరులోనూ పత్రంలోనూ హక్కున్న స్త్రీల పేర్లు తప్పనిసరిగా రాయాలని చేర్చారు. వినడానికి గుమాస్తా పనిలా ఉంటుంది. కానీ ఆస్తిలో కూతురి వాటా కోసం ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచి అమలైన సవరణ, దేశమంతటికీ 2005లో వచ్చిన సవరణ ఉన్నా, పాసుపుస్తకంలో తన పేరు చూసుకోవడానికి తిరుగుతున్న మన స్త్రీలకి తెలుసు ఆ ఒక్క వరుస విలువెంతో.

శ్రమ చేసినా, పాలించినా, యుద్ధాలు నడిపినా, పత్రంలో పేరు లేని స్త్రీ పక్క తరానికే కనపడకుండా పోతుంది. ఫు హావ్ శరీరం మిగల్లేదు. ఆమె మాట ఒక్కటీ మిగల్లేదు. ఎముకల మీద ఉన్నవన్నీ ఆమె గురించి మగవాళ్లు అడిగిన ప్రశ్నలే. మిగిలింది ఆమె పేరున నమోదైన వస్తువులు. మ్యూజియంలో గొడ్డలి చూసినప్పుడు అది ఎంత బరువుందని కాదు, ఎవరి పేరు మీదుందని అడుగుదాం. పేరు లేని గొడ్డళ్లు, పేరు లేని సమాధులు, పేరు లేని పొలాలు కనపడినప్పుడు 'ఇది మగవాడిదే అయ్యుంటుంది' అన్న తొందరపాటుని ఆపుదాం. మన కాలపు రిజిస్టర్లలో మన పేర్లు రాయించుకునే పని మాత్రం తవ్వకాలు జరిపే వాళ్లకి వదిలేయకుండా మనమే చేద్దాం.